మిలిటరీ తాతగారి పేరు దేనికి పెడదాం: విగ్రహమా, వీధికా, వంతెనకా?

మా వీధిలో ఆయన్ని అందరూ మిలిటరీ తాతగారనే పిలిచేవాళ్లు. చైనా యుద్ధం అయిన మరుసటేడు, 1963లో, మీసం సరిగా రాకముందే సైన్యంలో చేరారు. 1965, 1971 రెండు యుద్ధాల్లోనూ ఉన్నారు. సుబేదార్‌గా రిటైరై గుంటూరు తిరిగొచ్చారు. 1971 యుద్ధం గెలిచిన రోజని ఏటా డిసెంబరు 16న పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కాకి ఎడమవైపు పతకాలు పెట్టుకుని అరుగు మీద కూర్చునేవారు. ఒకటి 1965 యుద్ధానికిచ్చిన సమర సేవా స్టార్, ఇంకొకటి 1971లో పశ్చిమ సరిహద్దున పనిచేసినవాళ్లకిచ్చిన పశ్చిమీ స్టార్. రిబ్బన్లు రంగు వెలిసిపోయి, అంచున మళ్లీ కుట్టించిన దారం కనిపించేది. పిల్లలం అడిగితే ముట్టుకోనిచ్చేవారు, కాకపోతే ముందు చేతులు కడుక్కుని రావాలి.

పోయిన ఏడాది ఆయన పోయారు. ఆయన పేరు ఊళ్లో నిలవాలని వీధివాళ్లం అందరం అనుకున్నాం. ఎలా అన్న దగ్గరే మాట తెగడం లేదు. (పేరు ఇక్కడ రాయడం లేదు. ఇంట్లోవాళ్లను అడిగి రాయాలి కదా.)

కుర్రాళ్లు ముందు విగ్రహం అన్నారు. రోడ్ల మీద, పేవ్‌మెంట్ల మీద కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలోనే రాష్ట్రాలకు చెప్పింది. సెంటర్లో పెట్టడం కుదరదు. ఏ పార్కు మూలనో పెడితే ఏడాదికొకసారి దండ పడుతుంది, అంతే. ఈ మాట నాకు మొదటి నుంచీ నచ్చలేదు.

వీధికి పేరు పెట్టడమన్నది మాత్రం గట్టి ఆలోచనే. మేముండేది బ్రాడీపేట, పక్కనే అరండల్‌పేట. రెండూ దొరల పేర్లే. ఆ దొరలు ఎవరో, ఏం చేశారో ఇప్పుడు ఎవరికీ పట్టదు. అయినా రోజూ ఆ పేర్లు పలుకుతూనే ఉన్నాం. ఎందుకంటే అవి చిరునామాలో పడ్డాయి. పెళ్లి శుభలేఖ మీద, గ్యాస్ బుక్కు మీద, ఆసుపత్రి చీటీ మీద పేరు పడితే ఇక దాన్ని ఎవరూ చెరపలేరు. మిలిటరీ తాతగారి పేరు అలా పడితే అంతకంటే కావలసిందేముంది?

కానీ బ్రాడీపేట సంగతి గుంటూరువాళ్లకి చెప్పక్కర్లేదు. ఇక్కడ వీధులకు పేర్లుండవు, అంకెలుంటాయి. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అంటే 4/14. ఆటో అతనికి ఆ రెండు అంకెలు చెబితే నేరుగా తెచ్చి దింపుతాడు. ఇంత చక్కగా పనిచేస్తున్న అంకెను తీసి పేరు పెడితే జనం మానరు, బోర్డు మీద పేరుంటుంది, నోట్లో అంకె ఉంటుంది. పైగా వీధి మొత్తం ఆధార్, బ్యాంకు కాగితాలు మార్చుకుంటూ తిరగాలి. తాతగారి పేరు చెప్పి ఎవరూ విసుక్కోకూడదు, నాకు అదే భయం.

ఇక వంతెన. ఇందులోనూ చిక్కులున్నాయి. బెజవాడలో కనకదుర్గ వారధి అని పూర్తిగా ఎంతమంది అంటారు? బస్సులో కండక్టరు "వారధి, వారధి" అంటాడు, అంతే. ప్రకాశం బ్యారేజీని కూడా ఊళ్లోవాళ్లు బ్యారేజీ అనే అంటారు. అయినా ఆ పేరు పోలేదు. టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1957 మేలో పోతే, ఆ డిసెంబరులో బ్యారేజీని ఆయన పేరుతోనే ప్రారంభించారు. పుట్టినరోజు నుంచీ ఉన్న పేరు కాబట్టి పోటీకి వేరే పేరు లేదు. వార్తల్లో వరద నీటిమట్టం చెప్పిన ప్రతిసారీ ప్రకాశం పేరు వినబడుతుంది.

మన శంకర్ విలాస్ బ్రిడ్జికి ఆ వెసులుబాటు లేదు. పాతది తీసేసి కొత్తది కట్టే పని 2025లో మొదలైంది కాబట్టి దానికే పెట్టమందామని కొందరన్నారు. నేను వద్దన్నాను. ఆ పేరు ఒక హోటల్‌ది, రెండు తరాలుగా నాలుక మీద నానింది. కొత్త బ్రిడ్జి కట్టినా జనం శంకర్ విలాస్ అనే అంటారు. అక్కడ తాతగారి పేరు పెడితే శిలాఫలకం మీదే మిగిలిపోతుంది. 2023లో అండమాన్‌లో పరమవీర చక్ర గ్రహీతల పేర్లు 21 దీవులకు పెట్టినప్పుడు, అప్పటిదాకా పేరులేని దీవులనే ఎంచుకున్నారు. మనమూ అదే చేయాలి.

అందుకని నా ఓటు వంతెనకే, కానీ పేరులేని కొత్త వంతెనకి. రైల్వే గేటు దగ్గర ఎక్కడ కొత్తది కట్టినా సరే, చిన్నదైనా సరే. ప్రారంభానికి ముందే జీవో రావాలి. ఇంటిపేరు, ర్యాంకు, బిరుదులు కలిపి బోర్డు నిండా రాస్తే ఎవరూ పలకరు. "సుబేదార్ వంతెన" అంటే చాలు, కండక్టరు కూడా అనగలడు.

పూర్తి వివరం రాతి మీద చెక్కిద్దాం. వంతెన పైన బండి ఆపి చదివేవాళ్లుండరు కాబట్టి, కింద మెట్లెక్కే చోట పెట్టాలి. పేరు, ఊరు, రెజిమెంటు, 1965, 1971, రెండు పతకాల పేర్లు, అన్నీ తెలుగులో, చెయ్యి పట్టుకుని నడిచే పిల్లాడి కళ్లకు అందే ఎత్తులో. ఈ ఆదివారం వాళ్లింటికి వెళ్లి మాట్లాడదామనుకుంటున్నాం.