ఎంకే14 కోసం కేంబ్రిడ్జ్ దాకా

ఎంకే14 లాంటి పాత కంప్యూటర్లు చూద్దామని ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ వెళ్లేవాళ్లకు ముందే చెబుతున్నాను, స్టేషన్‌కు దగ్గర కదా అని కనిపించిన లాడ్జిలో దిగకండి. మాకు రాత్రికి 92 పౌండ్లు పడింది. హీటర్ పనిచేయదు, కిటికీ పూర్తిగా మూసుకోదు. ఇంకో దుప్పటి అడిగితే కౌంటర్లో మనిషి తలెత్తకుండానే 5 పౌండ్లన్నాడు. పొద్దున గది ఖాళీ చేశాక సాయంత్రం దాకా బ్యాగులు ఉంచినందుకు మరో 8 పౌండ్లు! "ఈ పాత డబ్బాల కోసమా బావా, ఇంత దూరం?" అని మా బావమరిది ముఖం మాడ్చుకున్నాడు.

అంతకుముందు బ్లెచ్లీ హాయిగా గడిచింది. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువుల రహస్య సంకేతాలు ఛేదించిన బ్లెచ్లీ పార్క్ వేరు, ఆ ఆవరణలోనే ఉన్న నేషనల్ మ్యూజియం ఆఫ్ కంప్యూటింగ్ వేరు, టికెట్లూ వేరే. ఒక్కదానికే వీలైతే మ్యూజియానికే వెళ్లండి. 1951 నాటి విచ్ కంప్యూటర్‌ను 2012లో మళ్లీ నడిపించింది అక్కడే. కేంబ్రిడ్జ్‌లోని సెంటర్ ఫర్ కంప్యూటింగ్ హిస్టరీ ఇంకా నచ్చింది. అక్కడ చాలా యంత్రాల ముందు కూర్చుని మనమే వాడి చూడొచ్చు.

అసలు ఆనందం మాత్రం పాత యంత్రాలు పోగుచేసే ఒక పెద్దాయన ఇంట్లో దొరికింది. ముందుగా రాసి అడిగితే రమ్మన్నారు, పైసా తీసుకోలేదు. బల్ల మీద ఎంకే14 పెట్టారు. క్లైవ్ సింక్లెయిర్ కంపెనీ 39.95 పౌండ్లకు అమ్మిన, విడిభాగాలు మనమే బిగించుకునే చిన్న కంప్యూటర్ కిట్ అది. ర్యామ్ 256 బైట్లు. లోపల నేషనల్ సెమీకండక్టర్ వారి ఎస్‌సీ/ఎంపీ, చాలా తక్కువ కంప్యూటర్లలో కనిపించే ప్రాసెసర్. దానికి స్టాక్, అంటే తిరిగి రావాల్సిన చోటును దాచుకునే ఏర్పాటు, లేదు. సబ్‌రొటీన్‌కు (ప్రోగ్రామ్‌లో మళ్లీ మళ్లీ వాడే చిన్న భాగానికి) వెళ్లాలంటే ప్రోగ్రామ్ కౌంటర్ (నడిచే ఆజ్ఞ ఎక్కడుందో చూపేది), ఒక పాయింటర్ రిజిస్టర్ (మెమరీలో ఒక చోటును చూపేది) తమ విలువలు మార్చుకుంటాయి. ప్రోగ్రామ్ కౌంటర్‌లోని మెమరీ చిరునామా 0ఎఫ్ఎఫ్ఎఫ్ (0 నుంచి 9, ఆపై ఎ నుంచి ఎఫ్ దాకా పదహారు అంకెలుండే హెక్స్ లెక్క ఇది) దాటితే 1000కి పోదు, తిరిగి 0000కే వస్తుంది. చదివినప్పుడు అర్థంకాని ఈ సంగతి, ఆయన కాగితం మీద గీసి చూపిస్తే నిమిషంలో ఎక్కింది.

తర్వాత మా బావమరిదిని కూర్చోబెట్టి హెక్స్ అంకెలు ఒక్కొక్కటే కొట్టించారు. కీలు గట్టిగా నొక్కితేగానీ పడవు. ఆలస్యం కోసమే ఈ ప్రాసెసర్‌లో ప్రత్యేకంగా ఒక ఆజ్ఞ ఉంది, దాని కోడ్ 8ఎఫ్. అది కొట్టి 'గో' నొక్కగానే ప్రోగ్రామ్ ఆన్, ఆఫ్ చేయగల ఫ్లాగ్ పిన్నుకు కట్టిన ఎల్‌ఈడీ మిణుకుమంది. పొద్దుటి నుంచీ మూతి ముడుచుకున్నవాడు, "ఆగు బావా, ఇంకొంచెం నెమ్మదిగా వెలిగేలా చేస్తా" అని లేవనంటాడు!

పక్క బల్ల మీదున్న ఇంకో పాత ప్రాసెసర్ ఆర్‌సీఏ 1802ను పైపైన చూసి రావాల్సి వచ్చింది. పదహారు రిజిస్టర్లలో దేన్నయినా ప్రోగ్రామ్ కౌంటర్‌గా పెట్టుకోగల చిప్ అది, ఐదు నిమిషాల్లో తేలేది కాదు. కేంబ్రిడ్జ్‌కు పూర్తిగా ఒక రోజు కేటాయించండి, బ్లెచ్లీతో కలపొద్దు.