జాగ్రత్త: జావా రికార్డెడ్ కోర్సు కొనే ముందు రీడర్ పాఠం అడిగి చూడండి

జావా అనే ప్రోగ్రామింగ్ భాష రికార్డెడ్ కోర్సు కొందామని చూస్తున్నవాళ్లు, ముఖ్యంగా తమ్ముళ్లకో చెల్లెళ్లకో కొనిపెడుతున్నవాళ్లు, ఇది చదివాకే డబ్బు కట్టండి.

మా తమ్ముడు బీటెక్ మూడో ఏడు. సెలవుల్లో నేర్చుకుంటాడని తెలుగులో చెప్పే ఒక కోర్సు కొన్నాను. సంస్థ పేరు రాయడం లేదు. ఇవే తప్పులు వేరే చోట్ల నోట్సుల్లోనూ తిరుగుతున్నాయి కాబట్టి పేరు కన్నా తప్పుని గుర్తుపట్టడం ముఖ్యం. క్లాసులు, ఇన్‌హెరిటెన్స్, ఇంటర్‌ఫేస్‌ల దాకా పాఠాలు బాగానే ఉన్నాయి, ఆ మాట చెప్పాలి. ఫైళ్లు చదివే రీడర్ పాఠం, అంటే ఫైలుని అక్షరాలుగా చదివే క్యారెక్టర్ స్ట్రీమ్‌ల దగ్గరికి వచ్చేసరికి చెప్పిన సిద్ధాంతమే తప్పు. ఆ సిద్ధాంతం మీద ఇచ్చిన కోడ్ వల్ల మా మేనమామ ఎరువుల కొట్టు ఖాతా ఫైలు పాడైంది.

ఆ ఫైలులో వరుసకో పేరు, పక్కన కామా, ఆ పక్కన బాకీ. పేర్లన్నీ తెలుగులో. మామయ్య నోట్‌ప్యాడ్‌లో కొట్టుకున్న జాబితా అది. తమ్ముడు కోర్సులో ఇచ్చిన మినీ ప్రాజెక్టు కోడ్ తీసుకుని, ఫైలు చదివి, ఎవరైనా డబ్బు కడితే బాకీ తగ్గించి, మళ్లీ అదే ఫైలులో రాసేలా చేశాడు. చదవడానికి ఫైల్‌రీడర్, రాయడానికి ఫైల్‌రైటర్, రెండూ కోర్సులో చూపించినట్టే. ప్రోగ్రాం నడిచింది, ఎర్రర్ రాలేదు, బాకీలు సరిగ్గా తగ్గాయి. తర్వాత మామయ్య ఫైలు తెరిస్తే ఒక్క పేరూ చదవడానికి వీల్లేదు. పైన చిన్న గీత ఉన్న ఇంగ్లీష్ ఏ అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్ మైనస్ గుర్తో, మళ్లీ మళ్లీ అవే. అంకెలు మాత్రం చెక్కు చెదరలేదు.

తమ్ముడు దాన్ని వేరే ఎడిటర్‌లో యూటీఎఫ్-8 (అక్షరాలని బైట్లుగా రాసే ఒక పద్ధతి) అని చెప్పి తెరిచాడు. అప్పుడు ఇంకా వింతగా కనిపించింది. రమణ, సీత, రాధ నిక్షేపంగా ఉన్నారు. సుబ్బారావు పేరులో రెండు ఉకారాలూ, బ కింద ఒత్తుకి కావలసిన పొల్లూ పోయాయి, వాటి చోట ప్రశ్న గుర్తులు. ఏడుకొండలు పేరులో మొదటి అక్షరమే లేదు, ఉకారాలూ లేవు. వెంకటేశ్వర్లు సంగతి చెప్పక్కర్లేదు. కొన్ని పేర్లు బాగుండి కొన్ని చెడడం చూసి ముందు వైరస్ అనుకున్నారు. నేను ఆఫీసులో జావా మీదే పని చేస్తాను కాబట్టి ఫైలు పంపించమన్నాను. చూశాక కోర్సు వీడియో కూడా తెరిచి ఆ పాఠం మొత్తం విన్నాను.

పాఠంలో మొదటి వాక్యమే ఇది: బైట్ స్ట్రీమ్ ఫైలు నుంచి ఒకసారికి 8 బిట్లు చదువుతుంది, క్యారెక్టర్ స్ట్రీమ్ 16 బిట్లు చదువుతుంది. ఈ వాక్యాన్ని చాలామంది బట్టీ పట్టే ఉంటారు. కానీ ఫైలులో ఉండేది ఎప్పుడూ బైట్లే. జావాలో క్యారెక్టర్ అనేది మెమరీలో 16 బిట్లు, అంతవరకే నిజం. ఫైలులోని బైట్లని ఆ క్యారెక్టర్లుగా మార్చాలంటే ఏ ఎన్‌కోడింగ్‌లో, అంటే ఏ అక్షరానికి ఏ బైట్లు అని చెప్పే ఏ పద్ధతిలో రాశారో తెలియాలి. రీడర్ చేసే అసలు పని ఆ మార్పిడే. యూటీఎఫ్-8లో ఇంగ్లీష్ అక్షరం 1 బైటు, తెలుగులో ప్రతి కోడ్, అంటే ఒక అక్షరమో గుణింతం గుర్తో పొల్లో, 3 బైట్లు. ‘అమ్మ’ అని రాసి సేవ్ చేస్తే అ, మ, పొల్లు, మ అని 4 కోడ్‌లు, 12 బైట్లు. సరిగ్గా చదివిన రీడర్ 4 క్యారెక్టర్లు ఇస్తుంది. ఆ వీడియోలో చెప్పినట్టు 16 బిట్ల చొప్పున చదివేదే నిజమైతే 6 రావాలి. కానీ 6 రాదు.

అసలు ఈ రీడర్ క్లాసులు పుట్టిందే ఈ మార్పిడి కోసం. 1996లో వచ్చిన జావా మొదటి వెర్షన్‌లో చదవడానికి బైట్లు ఇచ్చే ఇన్‌పుట్‌స్ట్రీమ్‌లే ఉండేవి. డేటాఇన్‌పుట్‌స్ట్రీమ్‌లో ఒక వరుస చదివే రీడ్‌లైన్ మెథడ్ ఉండేది. అది బైట్లని అక్షరాలుగా సరిగ్గా మార్చదని, 1997లో జావా 1.1తో దాన్ని వాడొద్దని చెప్పి, రీడర్, ఇన్‌పుట్‌స్ట్రీమ్‌రీడర్, బఫర్డ్‌రీడర్ తెచ్చారు. ఎన్‌కోడింగ్ అన్న మాట ఎత్తకుండా రీడర్ పాఠం చెప్పారంటే పాఠం చెప్పనట్టే. మేం కొన్న కోర్సులో ఆ మాట ఒక్కసారి కూడా రాలేదు. అన్ని డెమోలూ ఇంగ్లీష్ పేర్లతోనే. ఇంగ్లీష్‌తో అయితే ఈ తప్పు ఎప్పటికీ బయటపడదు.

ఇక మామయ్య ఫైలుకి ఏమైందో చెప్తాను, ఎందుకంటే తెలుగుతో పని చేసే వాళ్లందరికీ ఇది తెలియాలి. కోర్సులో జావా 8 వేసుకోమన్నారు. ఆ వెర్షన్‌లో ఫైల్‌రీడర్‌కి ఎన్‌కోడింగ్ చెప్పే దారే లేదు. కంప్యూటర్ డిఫాల్ట్ ఏదైతే దాన్నే తీసుకుంటుంది. ఇంగ్లీష్ సెట్టింగ్ ఉన్న విండోస్‌లో అది సాధారణంగా విండోస్-1252 అనే అక్షరాల పట్టిక. అందులో ఒక బైటుకి ఒక అక్షరం. కాబట్టి మన ఒక్కో తెలుగు కోడ్ మూడు చెత్త అక్షరాలుగా మెమరీలోకి వచ్చింది. వాటినే మళ్లీ విండోస్-1252లో రాస్తే చాలా బైట్లు వచ్చినట్టే వెనక్కి వెళ్తాయి. అందుకే రమణ, సీత బతికారు. కానీ ఆ పట్టికలో 5 బైట్లకి ఏ అక్షరమూ కేటాయించలేదు. అవి వచ్చినప్పుడు జావా ‘ఇదేమిటో తెలియదు’ అనే గుర్తు పెడుతుంది. రాసేటప్పుడు ఆ గుర్తుకి విండోస్-1252లో చోటు లేక ప్రశ్న గుర్తు రాస్తుంది. అసలు బైటు శాశ్వతంగా పోతుంది.

ఆ 5 బైట్లలో ఒకటి పొల్లు చివరి బైటు. ఇంకొకటి ఉకారం గుర్తు చివరి బైటు. ఏ, ఐ, ఝ, అరసున్న కూడా ఇదే జాబితాలో ఉన్నాయి. పొల్లు లేకపోతే ఒత్తు లేదు. ఒత్తు, ఉకారం రెండూ లేని తెలుగు వాక్యం ఎన్ని దొరుకుతాయో మీరే చూడండి. పైగా పొల్లూ ఉకారమూ రెండూ పోయాక మిగిలేది ఒకే ఆనవాలు, అదే రెండు బైట్లు, అదే ప్రశ్న గుర్తు. ఫలానా చోట పోయింది ఒత్తా, ఉకారమా అని ఏ ప్రోగ్రామూ చెప్పలేదు. మనిషి పేరు చూసి ఊహించాలి. మామయ్య మొదట్లో ఒకసారి ఆ ఫైలుని వాట్సాప్‌లో తమ్ముడికి పంపి ఉన్నాడు కాబట్టి పేర్లు దాన్నుంచి తెచ్చుకున్నాం. అది లేకపోతే పేరు పేరునా కూర్చుని దిద్దడమే.

నాకు కోపం తెప్పించింది ఇదే. ఆగిపోయే ప్రోగ్రాం అయితే పిల్లలు వెతుక్కుని నేర్చుకుంటారు. ఇది ఆగదు, ఎర్రర్ చూపించదు, నిశ్శబ్దంగా డేటా తినేస్తుంది.

మిగతా తప్పులు కూడా చెప్తాను. పీడీఎఫ్ నోట్సులో ఒక్కో అక్షరం చదివే ఉదాహరణ ఉంది. రీడ్ మెథడ్ ఇచ్చేది పూర్ణసంఖ్య, 0 నుంచి 65535 దాకా, ఫైలు అయిపోతే మైనస్ 1. దాన్ని మైనస్ 1తో పోల్చి చూశాకే క్యారెక్టర్‌గా మార్చాలి. నోట్సులో ముందే మార్చేసి తర్వాత పోల్చారు. క్యారెక్టర్‌కి రుణ విలువ ఉండదు, మైనస్ 1 కాస్తా 65535 అవుతుంది, ఆ లూప్ ఇక ఎప్పటికీ ఆగదు. వీడియోలో అది ఆగకపోతే కన్సోల్ సమస్య అని చెప్పి స్టాప్ నొక్కారు. విద్యార్థి దాన్ని నిజమనుకుంటాడు.

ఇంకోటి బఫర్ ఉదాహరణ. 1024 క్యారెక్టర్లు పట్టే అరే (వరుసగా గళ్లున్న పెట్టె లాంటిది) ఇచ్చి చదవమన్నప్పుడు ఎన్ని చదివిందో ఆ మెథడే చెప్తుంది. అంతవరకే వాడుకోవాలి. కోర్సు కోడ్ ఆ సంఖ్యని పట్టించుకోకుండా ప్రతిసారీ అరే మొత్తాన్నీ స్ట్రింగ్ చేసేస్తుంది. ఫైలులో 1500 క్యారెక్టర్లు ఉన్నాయనుకోండి. మొదటిసారి 1024, రెండోసారి 476 వస్తాయి. అరేలో మిగిలిన 548 మొదటిసారివే, అవి మళ్లీ ప్రింట్ అవుతాయి. డెమో ఫైలు రెండు వరుసలది, అందులోనూ చివర ఖాళీ జాగా కనిపిస్తూనే ఉంది, ఎవరూ దాని గురించి మాట్లాడలేదు.

రెడీ మెథడ్‌ని ఫైలు చివర కనుక్కోవడానికి వాడటం మూడో తప్పు. ఇప్పుడు చదివితే ఆగకుండా వస్తుందా అన్నదే అది చెప్పేది. కాదు అంటే డేటా అయిపోయిందని అర్థం కాదు. మామూలు ఫైలుతో చాలాసార్లు పని చేసినట్టే కనిపిస్తుంది. అదే కోడ్‌ని నెట్‌వర్క్ సాకెట్ (ఇంకో కంప్యూటర్‌తో కనెక్షన్) మీద పెడితే అవతలివాళ్లు కొంచెం ఆలస్యం చేయగానే సగంలో వదిలేస్తుంది. బఫర్డ్‌రీడర్‌లో వరుసలు చదువుతుంటే నల్, అంటే ఇక ఏమీ లేదు అనే విలువ, వచ్చేదాకా చదవాలి, అంతే. రీడర్‌ని మూయడం గురించి కూడా ఒక ముక్క లేదు. పని అవగానే రీడర్‌ని తనే మూసేసే, 2011లో జావా 7తో వచ్చిన ట్రై విత్ రిసోర్సెస్‌ని కోర్సు అంతటా ఎక్కడా చూడలేదు.

ఇవన్నీ రాసి సంస్థకి పంపాను. ఇంటర్వ్యూల్లో ఇంత లోతుగా అడగరు అన్నది మొదటి జవాబు. కొత్త జావా వేసుకోండి, అంతా సరిపోతుంది అన్నది తర్వాతది. 2022 మార్చిలో వచ్చిన జావా 18 నుంచి డిఫాల్ట్ యూటీఎఫ్-8 అయిన మాట నిజమే. కానీ కోర్సులో జావా 8 వేసుకోమన్నది వాళ్లే. కాలేజీ ల్యాబుల్లో, పాత కంపెనీ ప్రాజెక్టుల్లో ఇంకా పాత వెర్షన్లే నడుస్తున్న చోట్లు ఉన్నాయి. అదీ కాక లూప్ తప్పు, బఫర్ తప్పు ఏ వెర్షన్ వేసినా పోవు. డబ్బు వెనక్కి అడిగితే సగం వీడియోలు చూశాక రిఫండ్ లేదన్నారు. ఆ నియమం డబ్బు కట్టే పేజీలో కనిపించలేదు, కట్టిన తర్వాత వచ్చిన మెయిల్‌లో ఉంది. ఆ తర్వాత తమ్ముడిని డౌట్ల గ్రూపులోంచి తీసేశారు. అక్కడ మిగతా పిల్లలకి ఈ సంగతి చెప్పడానికి కూడా లేకుండా పోయింది.

కాబట్టి ఏ కోర్సయినా సరే, డెమో అడిగేటప్పుడు వాళ్లు చూపించే మొదటి పాఠం కాకుండా ఫైళ్ల పాఠం అడగండి. అందులో ఎన్‌కోడింగ్ అనో క్యారెక్టర్ సెట్ అనో వినిపిస్తుందో లేదో చూడండి. ఇన్‌పుట్‌స్ట్రీమ్‌రీడర్‌కి యూటీఎఫ్-8 అని స్పష్టంగా ఇచ్చారా, జావా 11 నుంచి ఫైల్‌రీడర్‌కి కూడా అలా ఇవ్వొచ్చని చెప్పారా, ఫైల్స్ క్లాసులోని న్యూబఫర్డ్‌రీడర్ చూపించారా చూడండి. నేనైతే చివరిదే వాడమంటాను. ఇన్‌పుట్‌స్ట్రీమ్‌రీడర్ తప్పు బైట్లు వస్తే చెప్పకుండా వేరే గుర్తు పెట్టేసి సాగిపోతుంది. న్యూబఫర్డ్‌రీడర్‌కి యూటీఎఫ్-8 ఇస్తే, చదువుతుండగా ఆ ఎన్‌కోడింగ్‌కి సరిపడని బైటు తగలగానే ఎక్సెప్షన్ (ఎర్రర్) ఇచ్చి ఆపేస్తుంది. ఖాతా ఫైలు విషయంలో ఆగిపోవడమే మేలు.

కోర్సు ఇప్పటికే కొన్నవాళ్లు ఒక చిన్న పరీక్ష చేయండి. ఫైలులో ‘అమ్మ’ అని మాత్రమే రాసి, యూటీఎఫ్-8 ఎంచుకుని సేవ్ చేయండి, చివర కొత్త వరుస లేకుండా. ఫైలు సైజు 12 బైట్లు చూపించాలి. 15 చూపిస్తే ముందు బీఓఎమ్ అనే గుర్తు చేరిందని అర్థం. జావా దాన్ని తీసేయదు, మొదటి క్యారెక్టర్‌గా మీ చేతికే ఇస్తుంది. ఫైలులో మొదటి పేరు ఒక్కటే సరిపోలకపోతే తరచూ కారణం అదే. ఇప్పుడు కోర్సు కోడ్‌తో చదివి ఎన్ని క్యారెక్టర్లు వచ్చాయో లెక్కపెట్టించండి. 4 వస్తే మీ మెషీన్‌లో ప్రస్తుతానికి ఎన్‌కోడింగ్ సరిగ్గా ఉంది. 12 వస్తే ఆ కోడ్‌తో ఏ తెలుగు ఫైలునీ తిరిగి రాయకండి.

ఇప్పటికే రాసేసి ఉంటే ఆ ఫైలుని ఎడిటర్‌లో తెరిచి సేవ్ చేయకండి, అలాగే ఒక కాపీ తీసి పక్కన పెట్టండి. ఒత్తులు, ఉకారాలు, ఇందాక చెప్పిన ఆ కొద్ది అక్షరాలు తప్ప మిగతావన్నీ బైట్లుగా అందులో ఇంకా ఉంటాయి. ఇంకోసారి తప్పు ఎన్‌కోడింగ్‌తో సేవ్ అయితే అవి కూడా పోవచ్చు. డబ్బు విషయానికి వస్తే యూపీఐ రసీదు, డబ్బు కట్టిన పేజీ స్క్రీన్‌షాట్, వాళ్లతో నడిచిన మెయిళ్లు దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయొచ్చు. మేం చేశాం, జవాబు కోసం చూస్తున్నాం.