గుండె నాళంలో బ్లాక్: మందులా, స్టెంటా, బైపాసా?

కర్నూలు ఆస్పత్రుల్లో యాంజియోగ్రామ్ రిపోర్టు చేతికి రాగానే చుట్టాలు ముందు అడిగేది "ఎంత శాతం బ్లాక్ ఉందంట?" అనే. ఆ ఒక్క అంకె చూసి భయపడి సంతకం పెట్టేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఆ బ్లాక్ వల్ల గుండెకు రక్తం నిజంగా తగ్గుతోందా, ఎప్పుడు తగ్గుతోంది అన్నది ముందు తేల్చుకోవాలి.

ఒక గొట్టం లోపలి వెడల్పు సగమైతే, అంతే ఒత్తిడి మీద అందులో పారేది పదహారో వంతే. అయినా సగం పూడిన నాళంతో మనుషులు మామూలుగానే తిరుగుతుంటారు. నాళంలో పూడిక ఉన్నది కొద్ది పొడవు మేరే. పైగా దాని అవతలి సన్న నాళాలు విచ్చుకుని ఆ లోటు తీరుస్తాయి. సుమారు 70 శాతం దాటాక ఇబ్బంది బయటపడుతుంది. కొండారెడ్డి బురుజు మెట్లెక్కితే ఛాతీ పట్టేసి, ఆగితే సర్దుకుంటుంది. ఎక్కేటప్పుడు గుండెకు ఎక్కువ రక్తం కావాలి, సన్న నాళాలేమో అప్పటికే విచ్చుకోగలిగినంతా విచ్చుకుని ఉంటాయి. 90 దగ్గరికొస్తే కూర్చున్నా రక్తం చాలకపోవచ్చు. 40 నుంచి 70 మధ్య అనుమానంగా ఉంటే ఎఫ్ఎఫ్ఆర్ పరీక్షలో బ్లాక్‌కు అవతలి రక్తపు ఒత్తిడి ఇవతలి ఒత్తిడిలో ఎన్నో వంతో కొలుస్తారు. 0.80 కంటే ఎక్కువ వస్తే సాధారణంగా స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే సన్నటి జాలీ గొట్టం) అక్కర్లేదు.

నడిస్తే వచ్చి ఆగితే పోయే నొప్పి నెలల తరబడి ఒకేలా ఉంటే నా ఓటు ముందు మందులకే. 2020లో వెలువడిన ఇస్కీమియా అధ్యయనంలో ఇలాంటి 5,179 మందిని గమనించారు. ముందే స్టెంటో, బైపాసో (పూడికను తప్పించి రక్తం పారేలా వేరే నాళం అతికే ఆపరేషన్) చేసినందువల్ల మరణాలు తగ్గలేదు, నొప్పి మాత్రం బాగా తగ్గింది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర నాళాన్ని పెద్దగా వెడల్పు చేయదు, కానీ కొవ్వు పూడిక పగలకుండా కాపాడుతుంది. గుండెపోటు ఎక్కువగా వచ్చేది ఆ పగులు మీద రక్తం గడ్డకట్టడం వల్లనే. అందుకే నొప్పి లేదని స్టాటిన్ మానేయొద్దు. మందులు వాడుతున్నా నొప్పి పని చేసుకోనివ్వకపోతే అప్పుడు స్టెంట్ మేలు. ఎడమ ప్రధాన నాళంలో బ్లాక్ ఉన్నా, గుండె పంపింగ్ బాగా తగ్గినా ఈ లెక్క వర్తించదు.

షుగర్ ఉండి రెండు మూడు నాళాలు పూడితే బైపాస్‌దే పైచేయి. 2012 నాటి ఫ్రీడమ్ అధ్యయనంలో మరణాలు, గుండెపోట్లు స్టెంట్ కంటే బైపాస్‌తో తగ్గాయి, పక్షవాతం ముప్పు మాత్రం కొంచెం పెరిగింది. కోలుకోవడానికి నెలా రెండు నెలలు పడుతుంది. అయినా షుగర్ ఉన్నవాళ్లు ఛాతీ కోతకు భయపడి దాన్ని పక్కన పెట్టకూడదు.

గుండెపోటు వచ్చి నాళం పూర్తిగా మూసుకుపోతే కథే వేరు. అక్కడ వెంటనే స్టెంట్ వేయడమే మేలు, రెండు గంటల్లోపు వేయగలిగితే. ఆదోని, ఆలూరు వైపు నుంచి కర్నూలు చేరేసరికే ఆ సమయం గడిచిపోవచ్చు. కాబట్టి దగ్గరి ఆస్పత్రిలో ఈసీజీ తీయించి, డాక్టర్ చెబితే గడ్డ కరిగించే ఇంజెక్షన్ అక్కడే వేయించుకుని కర్నూలుకు బయల్దేరండి.