సింకు దగ్గర బీరపీచు: రెండున్నరేళ్ల వాడకం తర్వాత

ఒకరోజు పెరుగన్నం తింటుంటే పంటి కింద ఏదో పోగు తగిలింది. కరివేపాకు ఈన అనుకుని తీసి చూస్తే, గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బర్ ముక్క. అంచులు అరిగి రాలుతూనే ఉంటుందని తెలుసు, కానీ కంచంలోకి వస్తుందని అనుకోలేదు. అది నైలాన్, అంటే ప్లాస్టిక్కే. కంటికి కనబడ్డది ఇదొక్కటి. కనబడనివి ఎన్ని మింగామో, ఎన్ని కాలవలోకి పోయాయో!

ఆ వారమే ఊరి నుంచి అత్తయ్య నాలుగు ఎండిన నేతిబీరకాయలు పంపించారు. తీగ మీదే వదిలేసి, గోధుమరంగు తిరిగి, ఊపితే గింజలు గలగలమనేవరకు ఎండనిచ్చిన కాయలు. మూతి కోసి గింజలు దులిపి, కాసేపు నానబెడితే తొక్క వలిచేయొచ్చు. లోపల మిగిలేదే పీచు. మామూలు బీరకాయ ముదిరినా పీచు కడుతుంది గానీ, నేతిబీరది ఒత్తుగా ఉంటుంది. ఒక్కో కాయను మూడు ముక్కలు చేస్తాను. ముక్క మూడు వారాలు వస్తుంది.

ఎండినప్పుడు చెక్కలా ఉంటుంది. నీళ్లలో ఒక్క నిమిషం వేస్తే మెత్తబడుతుంది. కంచాలు, గ్లాసులు, టిఫిన్ డబ్బాల మూతల సందులు బాగా తోముతుంది. నాన్‌స్టిక్ పెనం మీద ఇంతవరకు ఒక్క గీత పడలేదు. గంజి, పెరుగు మాత్రం పోగుల్లో ఇరుక్కుంటాయి, రెండుసార్లు గట్టిగా పిండాలి. చేపల కూర గిన్నె తోమితే ఆ నీచు మర్నాటికీ వదలదు. దానికి వేరే ముక్క పెట్టుకున్నాను.

అసలు తంటా వానాకాలంలో. మొదటి ఏడాది జులైలో సింకు మూల తడిగా వదిలేస్తే నల్లమచ్చలు పడి ముక్కిపోయిన వాసన వచ్చింది. ఇప్పుడు దారం కట్టి కిటికీ మేకుకు వేలాడదీస్తాను. రోజు మార్చి రోజు రెండు ముక్కలు వాడతాను. వారానికోసారి మరిగే నీళ్లలో ఐదు నిమిషాలు వేస్తాను. ఈ మాత్రం ఓపిక లేనివాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది.

ఊరి కాయలు అయిపోయాక దుకాణంలో కొన్నాను. తెల్లగా, నున్నగా, అందంగా కత్తిరించి ఉన్నాయి. పది రోజుల్లో పోగులు పోగులుగా విడిపోయాయి. బ్లీచ్ చేసి ఉంటారని నా అనుమానం. అప్పటినుంచి గింజలతో సహా ఉన్న గోధుమరంగు కాయే వెతికి కొంటున్నాను. డబ్బు మిగులుతుందని మాత్రం ఆశపడకండి, నాకు రూపాయి మిగల్లేదు. అరిగిన ముక్కలు పూలకుండీ మట్టిలో కప్పేస్తే కొన్నాళ్లకు మట్టిలో కలిసిపోతున్నాయి.

ఊపులో గిన్నెల లిక్విడ్ కూడా మానేద్దామని కుంకుడు రసం కాచాను. మాది బోరు నీళ్ల అపార్ట్‌మెంట్. సబ్బుతో తోమితే గ్లాసుల మీద తెల్లటి తెట్టు మిగిలేది, కుంకుడుతో అది లేదు. ఉప్పునీళ్లలోనూ కుంకుడు నురగ విరగదు. కానీ ఎండాకాలంలో రసం మూడోరోజుకే పులిసిపోయింది. సరే అని ఫ్రిజ్‌లో పెడితే, మా ఆయన చింతపండు రసం అనుకుని చారులో పోసేశారు. పొయ్యి మీద చారు నురగలు కక్కుతుంటే "ఇదేంటి, పొంగు ఆగట్లేదు?" అని నన్ను పిలిచారు. ఆ రోజుతో గిన్నెలకు కుంకుడు బంద్. తలకూ పట్టుచీరలకూ మాత్రం వాడుతున్నాను, అది కూడా ఏ పూటకాపూట కాచుకునే.

మా ఇంట్లో పనిచేసే ఆమెకు బీరపీచు ఇప్పటికీ నచ్చలేదు. "దీంతో తోమితే తోమినట్టే ఉండదమ్మా" అంటుంది. ఆమె మాటలోనూ న్యాయం ఉంది. మాడిన అడుగు దీంతో పోదు, చేతులు నొప్పిపుట్టేది ఆమెకే కదా. అందుకే మా మధ్య ఒక ఒప్పందం కుదిరింది: కుక్కరుకూ పాలగిన్నెకూ స్టీలు పీచు, మిగతా వాటికి బీరపీచు. నేను ఊరెళ్లినప్పుడు ఏది వాడుతుందో నేను అడగను.