గ్లిన్‌డూర్ బాట: ఆరేళ్లు నడిచిన తర్వాత

వేల్స్ నడిమి ప్రాంతంలో, నైటన్ అనే చిన్న ఊరి గడియార స్తంభం దగ్గర మొదలై, పడమటన మఖన్‌లెత్ దాకా సాగి, అక్కడి నుంచి మళ్లీ తూర్పుకు తిరిగి వెల్ష్‌పూల్‌లో ముగిసే 217 కిలోమీటర్ల కాలిబాట పేరు గ్లిన్‌డూర్ బాట. నేను బర్మింగ్‌హామ్‌లో ఉంటూ గత ఆరేళ్లలో దీన్ని ఒకసారి తొమ్మిది రోజుల్లో ఏకబిగిన, మరోసారి వారాంతాల్లో కొంచెం కొంచెంగా పూర్తి చేశాను. నచ్చిన భాగాలను మూడు నాలుగు సార్లు నడిచాను కూడా.

ఈ బాట కష్టాన్ని ఎత్తును బట్టి అంచనా వేస్తే పొరబడతాం. దీనిమీద అన్నిటికంటే ఎత్తైన చోటు 500 మీటర్లకు కాస్త పైన ఉంటుంది, అంతే. తిరుమల కొండ దీనికంటే చాలా ఎత్తు. అయితే అలిపిరి నుంచి ఒకసారి ఎక్కితే ఆ రోజుకు ఎక్కడం అయిపోతుంది. ఇక్కడ ఒక లోయలోకి దిగి, వాగు దాటి, ఎదుటి గట్టెక్కి, ఊపిరి తీసుకునేలోపే మరో లోయలోకి దిగాలి. ఇలా రోజుకు ఐదారుసార్లు జరుగుతుంది. నైటన్ నుంచి ఫెలిన్‌డ్రె వరకు మొదటి రోజే సుమారు 24 కిలోమీటర్లు కావడంతో, ఆ సాయంత్రానికి మోకాళ్లు ఎక్కడం కన్నా దిగడానికే ఎక్కువగా మొరాయిస్తాయి. రెండు చేతికర్రలు తప్పనిసరిగా తీసుకువెళ్లమని చెబుతాను.

1400లో ఇంగ్లండు రాజుపై తిరుగుబాటు చేసిన ఒవైన్ గ్లిన్‌డూర్ పేరు ఈ బాటకు పెట్టారు. అతడు 1404లో మఖన్‌లెత్‌లో వేల్స్ ప్రజల సభను సమావేశపరిచాడు. ఆ తిరుగుబాటుకు ఆరువందల ఏళ్లు నిండిన 2000లో దీనికి జాతీయ కాలిబాట హోదా దక్కింది. మఖన్‌లెత్ పేరును నేను తెలుగులో రాసినట్టు పలికితే అక్కడివారికి అర్థమవుతుంది గాని, రెండు 'ఎల్'ల చోట నాలుకను 'ల' స్థానంలో ఆనించి పక్కల నుంచి గాలి ఊదే ఆ ధ్వని మన అక్షరాల్లో లేదు. మూడేళ్లకు గాని నాకు పట్టుబడలేదు.

బాటలో ఎక్కువ భాగం రైతుల సొంత పొలాల గుండా, గొర్రెలు మేసే పచ్చికల మీదుగా, కొన్నిచోట్ల ఇంటి వాకిలి పక్కనుంచే పోతుంది. మన పల్లెల్లో పొలం గట్టు మీద నడవడం వాడుకగా వచ్చిన హక్కయితే, ఇక్కడ అది చట్టం కాపాడే హక్కు. బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే పటంలో ఈ దారులు ఆకుపచ్చ గీతలుగా కనిపిస్తాయి. ఆ హక్కుతో పాటు బాధ్యత కూడా ఉంది. రోజుకు లెక్కలేనన్ని గేట్లు తీసి వేయాలి. చాలా గేట్లకు గడియ ఉండదు. గడ్డి మోపులు కట్టే నీలం ప్లాస్టిక్ తాడును ఇనుప కమ్మీకి రెండు చుట్లు చుట్టి ముడివేసి ఉంటారు. వానకు బిగుసుకున్న ఆ ముడిని చలికి మొద్దుబారిన వేళ్లతో విప్పి, గేటును కాస్త పైకెత్తి, నేలమీద రాసుకోకుండా తోసి, లోపలికి వచ్చాక మళ్లీ అలాగే ముడివేయాలి. ముళ్లతీగకు చిక్కుకున్న ఉన్నిపోగులు తడిసి చేతికి అంటుకుంటాయి. విసుగు పుట్టించే పనే అయినా, ఒక్క గేటు తెరిచి వదిలేస్తే రెండు మందలు కలిసిపోతాయని, వాటిని విడదీయడానికి ఆ రైతుకు ఒక పూట పడుతుందని గుర్తుంచుకోవాలి. దూడలున్న ఆవుల మంద ఎదురైతే మాత్రం మధ్యలోంచి వెళ్లకండి. దూరంగా చుట్టుతిరిగి వెళ్లండి.

బురద విషయంలో నేను మొదట బాగా తప్పుగా ఊహించాను. గేట్ల దగ్గర పశువులు తొక్కితొక్కి, గిట్టల గుంటల్లో నీళ్లు నిలిచి, మడమ మునిగేంత రొంపి తయారవుతుంది. నీరు చొరదని చెప్పి అమ్మిన నా మొదటి జత బూట్లు రెండో ఏడాదికే తడిని ఆపలేకపోయాయి. అప్పటినుంచి చీలమండ పైదాకా వచ్చే తోలు బూట్లకు మైనం పట్టించి వాడుతున్నాను, నాలుగేళ్లయినా బాగున్నాయి. మే నెలాఖరు, సెప్టెంబరు మొదటి వారాలు నాకు అన్నిటికంటే అనువుగా తోచాయి.

దారి గుర్తులు మొత్తం మీద బాగున్నాయి. జాతీయ కాలిబాటల చిహ్నమైన ఓక్ కాయ బొమ్మ చాలా కంబాలపై ఉంటుంది. అయితే డివ్‌నంట్ అడవిలో ఒక మలుపు దగ్గర గుర్తు చూడక గంటన్నర పోగొట్టుకున్నాను. ఫోనుకు సిగ్నలు అందని లోయలు చాలా ఉన్నాయి కాబట్టి కాగితపు పటం, దిక్సూచి వెంట ఉండాలి. వసతి గృహాలు తక్కువ. ఒకసారి నెల ముందే చెప్పి ఉంచిన గది ఆ రాత్రికి లేదన్నారు. చీకట్లో మరో ఆరు కిలోమీటర్లు నడవవలసి వచ్చింది. అందుకే ముందురోజు ఫోను చేసి మళ్లీ ఖాయం చేసుకుంటాను. శాకాహారులకు రాత్రి భోజనం దొరుకుతుంది గాని, దారిలో దుకాణాలు అరుదు కాబట్టి పగటికి అటుకులు, వేరుశనగ చిక్కీలు మోసుకుపోవడమే నాకు కుదిరిన పద్ధతి.

సమయం తక్కువగా ఉన్నవారు లానిడ్‌లోయిస్ నుంచి మఖన్‌లెత్ వరకైనా నడవాలని నా గట్టి సలహా. మొదట 1967లో పూర్తయిన, 72 మీటర్ల ఎత్తైన క్లువెడోగ్ ఆనకట్ట, దాని పాదం దగ్గర పాడుబడిన సీసపు గని కనిపిస్తాయి. మర్నాడు పొలాలు వెనకబడి, హీథర్ పొదలు పరుచుకున్న బయలు మీద గ్లాస్‌లిన్ సరస్సు వస్తుంది. అక్కడి నుంచి వోయెల్ వాడియన్ కొండ పక్కగా పలకరాళ్లు జారే నిటారు దారిలో దిగుతుంటే డవీ లోయ ఒక్కసారిగా తెరుచుకుంటుంది. మేఘం లేని రోజున అక్కడ గంటసేపు కూర్చుండిపోయాను.

మఖన్‌లెత్ తర్వాతి రెండు రోజులు అంత రుచించలేదు. తారు రోడ్డు, నాటిన శంఖాకార చెట్ల వరసలు ఎక్కువ. వర్న్‌వీ సరస్సు దగ్గర మళ్లీ మనసు నిలుస్తుంది. లివర్‌పూల్ నగరానికి నీళ్ల కోసం 1880ల్లో రాతి ఆనకట్ట కట్టినప్పుడు పాత లాన్‌వుదిన్ గ్రామం మునిగిపోయింది. శ్రీశైలం ముంపు గ్రామాల గురించి విని పెరిగిన నాకు ఆ నీళ్లను కేవలం అందమైన దృశ్యంగా చూడడం సాధ్యం కాలేదు.

వెల్ష్‌పూల్ చేరాక వెంటనే రైలెక్కకుండా పోవిస్ కోటకు ఒక పూట కేటాయించండి. టిప్పు సుల్తాను పూలు అద్దిన నూలు గుడారం, అతడి సింహాసనంపై ఉండిన బంగారు పులితల అక్కడి సేకరణలో ఉన్నాయి. రాబర్ట్ క్లైవ్ కుమారుడు ఎడ్వర్డ్ క్లైవ్ పెళ్లి వల్ల అతడి వంశానికి సంక్రమించిన కోట అది. 1799లో శ్రీరంగపట్నం పడిపోయినప్పుడు, మరుసటి ఏడాది నిజాం రాయలసీమను కంపెనీకి అప్పగించినప్పుడు మద్రాసు గవర్నరు ఆ ఎడ్వర్డ్ క్లైవే. మాది కడప జిల్లా. తొమ్మిది రోజుల బురద ఇంకా బూట్లకు అంటుకుని ఉండగానే ఆ గుడారం ముందు నిలబడ్డాను.