ఒక్క రోజే పడవ అయితే లాకులున్న వైపే వెళ్ళండి

లంగోలెన్ కాలువ అనగానే అందరూ వేల్స్‌లోని పాంట్‌కసల్తె నీటి వంతెనకే పరిగెడతారు. 1805లో తెరిచిన ఆ వంతెన డీ నదికి 126 అడుగుల ఎత్తున ఉంటుంది. చూడాల్సిందే. కానీ పక్కనే కాలిబాట ఉంది, నడిచి ఉచితంగా చూసేయొచ్చు. పడవకు డబ్బు పెట్టేది ఒక్క రోజుకే అయితే, అదే కాలువ మీద ఇంగ్లండ్‌లో చెషైర్‌లోని రెన్‌బరీ నుంచి విల్లీమూర్ దాకా వెళ్ళి రమ్మంటాను. దారిలో మూడు లాకులు, అంటే నీటిమట్టాన్ని పెంచి తగ్గించి పడవను ఎక్కించి దింపే తలుపుల గదులు, తగులుతాయి.

నేరోబోట్ (ఈ కాలువల్లో నడిచే సన్నటి పొడవాటి పడవ) అద్దెకు తీసుకోవడానికి లైసెన్స్ అక్కర్లేదు. చుక్కాని కర్రను కుడికి నెడితే పడవ ఎడమకు తిరుగుతుంది, అది అలవాటయ్యేదాకా కాస్త టెన్షనే. వేగం గంటకు నాలుగు మైళ్ళు దాటకూడదు. ఒడ్డున కుక్కతో నడిచే పెద్దాయన కూడా మనల్ని దాటుకుని పోతాడు! పడవ అప్పగించినాయన మాత్రం హడావుడిగా నాలుగు ముక్కలు చెప్పి వెళ్ళిపోయాడు. అంత అద్దె తీసుకున్నప్పుడు మొదటి లాకు దాకానైనా తోడు రావాల్సింది.

లొల్ల లాకులు చూసిన కోనసీమవాళ్ళకు లాకు కొత్త కాదు. కానీ ఇక్కడ తలుపులు తీసేదీ మూసేదీ మనమే. గది వెడల్పు దాదాపు ఏడడుగులే, పడవ అందులోకి ఇరుకుగా దూరుతుంది. పైకి ఎక్కేటప్పుడు వెనక తలుపులు మూసి, విండ్‌లాస్ అనే ఇనప పిడితో పై తలుపు దగ్గరి తూములు మెల్లగా ఎత్తాలి. నీళ్ళు నిండి రెండు వైపులా మట్టం సమానమయ్యాక, అంతవరకూ కదలని తలుపు నడుంతో నెడితే తెరుచుకుంటుంది. మా పిల్లలు ఆ పని ఇంకెవరికీ ఇవ్వలేదు. దిగేటప్పుడు మాత్రం పడవ వెనక భాగం పై తలుపు కింది గట్టుకు చిక్కకుండా ముందుకు జరుపుకోవాలి. ప్రమాదమంటూ ఉంటే అక్కడే.

ఈ కాలువలో డీ నది నీళ్ళు పారుతూనే ఉంటాయి. లాకును తప్పించి పక్కనుంచి దూకే నీళ్ళు సరిగ్గా మనం లోపలికి దూరే చోట పడవ ముక్కును పక్కకు తోసేస్తాయి. కంగారుపడి ఇంజిన్ ఆపేయకండి, కొంచెం వేగం ఉంటేనే పడవ మాట వింటుంది.

విల్లీమూర్‌లో లాకు పక్కనే పబ్ ఉంది. మేం మాత్రం పులిహోర పడవలోనే తిన్నాం. పడవ తిప్పేంత వెడల్పు అన్నిచోట్లా ఉండదు కాబట్టి ఆ చోటేదో మ్యాప్‌లో ముందే చూసుకోండి.

రాత్రి పడవలోనే ఉండాలనుకుంటే వారం తీసుకోవడమే మేలు. ఒక్క రోజుకైతే క్రూ పట్టణం నుంచి రైల్లో వచ్చి వెళ్ళిపోవచ్చు. రెన్‌బరీ చిన్న స్టేషన్, ప్లాట్‌ఫాం మీద చెయ్యెత్తకపోతే రైలు ఆగదు.