‘ది బ్యాటిల్ ఆఫ్ రష్యా’, ‘ది బ్యాటిల్ ఆఫ్ చైనా’: క్లాసులో ఏది వేయాలి?

రెండూ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో హాలీవుడ్ దర్శకుడు ఫ్రాంక్ కాప్రా పర్యవేక్షణలో అమెరికా సైన్యం తీయించిన ‘వై వి ఫైట్’ ప్రచార డాక్యుమెంటరీల వరుసలోవే. కాపీరైట్ ఖర్చు లేదు.

నిడివి: రష్యా (1943) దాదాపు 80 నిమిషాలు, రెండు పీరియడ్లు కావాలి. చైనా (1944) గంటకు కాస్త ఎక్కువ.

దాచినవి: రష్యా చిత్రంలో కమ్యూనిజం ఊసే లేదు, ఒకరిపై ఒకరు దాడి చేయకూడదన్న 1939 నాజీ-సోవియట్ ఒప్పందమూ లేదు. బదులుగా 1242లో జర్మన్ యోధులపై రష్యన్ రాకుమారుడు నెవ్‌స్కీ సాధించిన విజయాన్ని ఎత్తుకుంటుంది. ప్రచార కళ గుట్టంతా అక్కడే ఉంది: పాలకుల సిద్ధాంతాన్ని పక్కన పెట్టి నేలనూ జనాన్నీ ముందు నిలపడం. చైనా చిత్రంలో అక్కడి కమ్యూనిస్టులు కనబడరు.

రిస్క్: చైనా చిత్రానిదే ఎక్కువ. ‘తనాకా పత్రాన్ని’, అంటే జపాన్ ప్రధాని తనాకా పేరిట ప్రచారమైన, నకిలీదని చరిత్రకారులు తేల్చిన ప్రపంచ ఆక్రమణ పథకాన్ని, నిజమన్నట్టు చూపుతుంది. ముందే చెప్పకపోతే పిల్లలు నమ్మేస్తారు. నాన్జింగ్ నగరంలో జపాన్ సైన్యం జరిపిన మారణకాండ దృశ్యాలు చిన్న తరగతులకు అసలు తగవు.

ఎడిటింగ్ బలం చూపాలంటే రష్యా. ఆధారాల నిజానిజాలు తేల్చడం పెద్ద తరగతులకు నేర్పాలంటే చైనా.